చాపకూడు మర్నాడే కోడిపోరు

సంపాదకులకు,

నమస్కారం. ఇటీవల మీ పత్రిక సంపాదకీయ పుటలో ఒక వ్యాసం చదివాను. గుంపు కట్టడం మనిషికి పుట్టుకతో వచ్చిన గుణమనీ, కులం పోతే పార్టీ, పార్టీ పోతే ప్రాంతం, అదీ లేకపోతే అభిమాన హీరో పేరు చెప్పుకొని అయినా రెండు వర్గాలుగా చీలి కొట్టుకుంటాడే తప్ప, మనుషులంతా ఒక్కటనే మాట పాఠ్యపుస్తకం దాటి బయటికి రాదనీ ఆ వ్యాసకర్త తేల్చారు. పల్నాటి జిల్లా పరిషత్ బడుల్లో 31 ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పి, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆ మాటలో సగం నాకు అనుభవమే. మిగిలిన సగాన్ని ఒప్పుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడవైతే మన్నించండి, చోటు చాలకపోతే కత్తిరించే హక్కు ఎలాగూ మీదే.

ప్రతి ఉదయం ప్రార్థన సమయంలో పిల్లల చేత ప్రతిజ్ఞ చెప్పించడం నా ఉద్యోగంలో భాగంగా ఉండేది. ఆ ప్రతిజ్ఞను 1962లో, విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు తెలుగులోనే రాశారు. దేశంలోని పిల్లలంతా ఇవాళ తమ తమ భాషల్లో చెబుతున్నది ఆయన మాటలే. భారతీయులందరూ సహోదరులని కుడిచెయ్యి చాచి గొంతెత్తి చెప్పిన ఆ పిల్లలే, మధ్యాహ్నం బెల్లు కొట్టాక కంచాలు పట్టుకొని, ఏ పేట వాళ్లు ఆ పేట వాళ్లతో వేరువేరు చెట్ల కింద కూర్చోవడం ఏళ్ల తరబడి చూశాను. అలా కూర్చోమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. కూర్చోవద్దని మేమూ చెప్పలేదు. కాబట్టి ప్రతిజ్ఞ చెప్పిస్తే మనుషులు మారతారనే భ్రమ నాకు లేదు.

అయితే గుంపు కట్టే బుద్ధి వేరు, గుంపుకూ గుంపుకూ నడుమ ఉన్న గీత వేరు. బుద్ధి మనతో పుట్టిందే కావచ్చు. గీత మాత్రం ఎవరో ఒకరు, ఏదో ఒక కాలంలో, ఏదో ఒక అవసరానికి గీస్తే పడింది. ఈ రెండూ ఒకటేననుకోవడం వల్లనే ఆ వ్యాసకర్త అంత నిరాశకు వచ్చారని నా అభిప్రాయం. పల్నాటివాణ్ణి కనుక పల్నాటి సంగతితోనే మొదలుపెడతాను.

కారెంపూడిలో ఏటా కార్తికమాసంలో వీరుల ఉత్సవాలు అయిదు రోజులు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఒక్కో రోజుకు ఒక్కో పేరు. వీరుల ఆయుధాలుగా పూజలందుకునే కొణతాలను ఆచారవంతులు నాగులేటికి తీసుకువెళ్లి స్నానం చేయించి, పసుపు కుంకుమలు పూసి ఊరేగిస్తారు. మందపోరు నాడు చాపకూడు. పరిచిన చాపల మీద, కులమేదని అడగకుండా, వచ్చినవారందరినీ ఒకే వరసలో కూర్చోబెట్టి విస్తళ్లు వేసి అన్నం పెట్టే ఆ ఆచారాన్ని 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడు మొదలుపెట్టాడని మా ప్రాంతంలో పసిపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. మాల కన్నమదాసును సేనానిగా నిలిపి కొడుకులా చూసుకున్నాడని, బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి వెంట తమ్ములుగా నడిచినవారు కులానికొకరు చొప్పున ఉన్నారని వీరగాథ చెబుతుంది. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఇది చిన్న మాట కాదు. ఈనాటికీ చిన్న మాట కాదు.

ఉత్సవంలో రోజుల వరసను ఒకసారి గమనించండి. చాపకూడు పెట్టే మందపోరుకు మర్నాడే కోడిపోరు. ఒక తండ్రికి పుట్టిన నలగాముడు, మలిదేవుడు రాజ్యం కోసం విడిపోయి గురజాల, మాచర్ల అని రెండు పక్షాలైతే, నలగాముడి మంత్రి నాగమ్మ కోడికీ, మలిదేవుడి మంత్రి బ్రహ్మనాయుడి కోడికీ పందెం పెట్టి, ఓడినవారు ఏడేళ్లు దేశం విడిచిపోవాలని ఒప్పుకున్నారు. తర్వాత రాయబారానికి వెళ్లిన అలరాజు విషానికి బలికావడం, కారెంపూడి పోరు, ఆ పోరులో పల్నాటి వీరులు దాదాపు తుడిచిపెట్టుకుపోవడం తెలుగువారందరికీ తెలిసిన కథ. కులాల మధ్య గీతను చెరిపి చాప పరిచిన మనిషే, మాచర్లకూ గురజాలకూ మధ్య గీత దగ్గర మాత్రం ఆగలేకపోయాడు. మా పిల్లలకు ఈ పాఠం చెబుతున్నప్పుడు ఒక అమ్మాయి లేచి, "అందరినీ కలిపింది యుద్ధానికి మనుషులు కావాలనేనా, మాష్టారూ?" అని అడిగింది. అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. గుంపు లోపలి ప్రేమకు గుంపు బయటి పగే ఎరువు కావచ్చునని ఆ పదమూడేళ్ల పిల్ల ఒక్క ప్రశ్నలో అడిగేసింది. మీ వ్యాసకర్త ఎత్తి చూపవలసింది నిజానికి ఇదే. కులాలు కలవవన్నది అంత పెద్ద చిక్కు కాదు. ఎదుట శత్రువు ఉన్నప్పుడు అన్నీ కలుస్తాయి. శత్రువు లేకుండా చాప పరవగలమా అన్నదే అసలు చిక్కు.

ఆ గీతలు ఇప్పటికీ చెరగలేదు. 2024 మే 13న పోలింగు రోజునా, ఆ తర్వాతా పల్నాడు జిల్లాలో జరిగిన గొడవలు, విధించిన 144వ సెక్షన్, దర్యాప్తుకు వేసిన ప్రత్యేక బృందం (సిట్) గురించి మీ పత్రికే రోజుల తరబడి రాసింది. నేను ఉంటున్న ఊళ్లో రెండు టీకొట్లు ఉన్నాయి. ఒకటి ఈ పార్టీ వారిది, రెండోది ఆ పార్టీ వారిది. పొరపాటున ఒక కొట్లో కూర్చున్న కొత్త అల్లుడికి, నువ్వు కూర్చోవలసింది ఎదర కొట్లోనని మామగారు ఇంటికి తీసుకెళ్లి బోధపరచిన సందర్భం నాకు తెలుసు. వినాయకచవితికి రెండు పందిళ్లు, శ్రీరామనవమికి రెండు పానకాలు. రెండు కొట్లకూ పాలు పోసేది మాత్రం ఒక్కడే. నీళ్లు కలపడంలో అతనికి పక్షపాతం లేదని ఇరువర్గాల వారూ ఒప్పుకుంటారు.

మరి ఇదంతా నైజమేనా? బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో హెన్రీ తాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగాలు ఈ విషయంలో చాలా దూరం చెబుతాయి. నాజీల చేతిలో కుటుంబాన్ని పోగొట్టుకున్న పోలండు యూదుడాయన. ఒకే బడిలో చదివే 14, 15 ఏళ్ల పిల్లలకు తెర మీద చుక్కలు చూపించి, వాటిని ఎక్కువగా లెక్కపెట్టినవారు ఒక జట్టు, తక్కువగా లెక్కపెట్టినవారు ఇంకో జట్టు అని చెప్పారు. నిజానికి ఎవరు ఎటన్నది ఊరికే పంచేశారు. జట్టులో ఎవరున్నారో ఎవరికీ తెలియదు, మునుపటి పగ లేదు, ముందు ముందు లాభమూ లేదు. అయినా డబ్బు పంచమంటే తమ జట్టుకే ఎక్కువ ఇచ్చారు. అంతే కాదు, తమవారికి రావలసింది కొంత తగ్గినా సరే, అవతలివారికి ఇంకా తక్కువ వచ్చే విధంగా పంచడానికి మొగ్గు చూపారు. 1970లో ఈ ఫలితాలు ప్రకటించారు. గుంపు బుద్ధి నైజమనే వాదానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నేను ఎరగను. కానీ అదే సాక్ష్యాన్ని తిరగేసి చూడండి. చుక్కలు లెక్కపెట్టడం అనే గీత మీద కూడా మనిషి అంత విధేయంగా నిలబడతాడంటే, ఆ విధేయతకు గీత ఏదన్న పట్టింపు లేదన్నమాట. నిన్న లేని గీతను ఇవాళ గీస్తే నిలబడినవాడు, రేపు ఇంకోచోట గీసినా నిలబడతాడు.

కులం సంగతి వేరు, అది వేల ఏళ్లుగా రక్తంలో ఉందని అంటారు. రక్తం సంగతి హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) వారే తేల్చారు. లాల్జీ సింగ్, తంగరాజ్ గార్లు విదేశీ పరిశోధకులతో కలిసి చేసి, 2009లోనూ 2013లోనూ ప్రకటించిన జన్యు పరిశోధనల ప్రకారం, ఈ దేశంలో దాదాపు ప్రతి సమూహమూ రెండు ప్రాచీన జనసమూహాల కలయికే. ఆ కలయిక సుమారు 4,200 ఏళ్ల కిందటి నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా విస్తారంగా సాగింది. ఆ తర్వాతనే ఎవరిలో వారు పెళ్లాడే కట్టుబాటు బిగుసుకుంది. అంటే మన గోడల వయసు రమారమి రెండు వేల ఏళ్లు. మానవజాతి వయసు మూడు లక్షల ఏళ్లని శిలాజాలు చెబుతున్నాయి. ఏది పాతదో, ఏది నైజమో లెక్క వేయడానికి పెద్ద చదువు అక్కరలేదు. ఇంతకీ తరతరాలుగా లోలోపలే పెళ్లిళ్లు చేసుకున్న సమూహాల్లో కొన్ని వంశపారంపర్య లోపాలు ఎందుకు ఎక్కువగా కనిపిస్తాయో కూడా ఆ పరిశోధకులే వివరించారు. గోడ లోపల ఉన్నవారికీ గోడ మేలు చేయలేదు.

ఇప్పుడు మా బడి సంగతి. ఆటల పోటీల కోసం పిల్లలను గోదావరి, కృష్ణ, పెన్న, తుంగభద్ర అని నాలుగు జట్లు చేసేవాళ్లం. ఏ జట్టులో ఎవరుండాలో పిల్లలే పేర్లిచ్చేవారు. సహజంగానే ఆ నాలుగూ ఊళ్లోని పేటలకు నకళ్లుగా ఉండేవి. ఒక ఏడాది మా డ్రిల్లు మాష్టారు విసుగెత్తి, సుద్దముక్కల డబ్బాలో చీటీలు వేసి తీయించారు. అన్నదమ్ములు వేరువేరు జట్లలో పడ్డారు, ఎప్పుడూ మాట్లాడుకోని పేటల పిల్లలు ఒకే జట్టులో పడ్డారు. మొదటి రెండు రోజులు ఏడుపులు, ఒకరిద్దరు తల్లిదండ్రులు వచ్చి నాతో వాదన. పది రోజులు తిరిగేసరికి, కబడ్డీ కోర్టు దగ్గర గీత తొక్కాడా లేదా అన్న తగాదాలో, కృష్ణ జట్టు పిల్లవాడొకడు తన సొంత పెదనాన్న కొడుకు మీద, పెన్న జట్టులో ఉన్నందుకు, నా దగ్గరికి ఫిర్యాదు తెచ్చాడు. వాడి పక్కన సాక్ష్యానికి వచ్చినవాడు మరో పేట పిల్లవాడు. గీత మారితే మనిషి ఎంత త్వరగా మారతాడో చూసి నాకు సంతోషం, భయం రెండూ కలిగాయి. ఏడు తరాల చుట్టరికాన్ని పది రోజుల్లో చీటీముక్క పక్కకు నెట్టేసింది.

మంచి జరిగింది మాత్రం చీటీల వల్ల కాదు. ఆ ఆగస్టులో మా బడి బోరు మోటారు కాలిపోయింది. బాగుచేయడానికి డబ్బు మంజూరై రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఊరి ట్యాంకు నుంచి బిందెలతో నీళ్లు మోయాలి. వంటకు కావాలి, తాగడానికి కావాలి, కంచాలు కడగడానికి కావాలి. నాలుగు జట్ల నుంచీ ఇద్దరిద్దరిని తీసుకొని ఎనిమిదిమంది చొప్పున వంతులు వేశాం. ఉన్నది ఒక్కటే డ్రమ్ము కనుక దాన్ని వంటగది ముందు పెట్టాం. నీళ్లు అక్కడే ఉండడంతో పిల్లలందరూ ఆ డ్రమ్ము చుట్టూనే కూర్చొని తిన్నారు. చెట్ల కింద ఎవరూ లేకపోవడం నేను నాలుగో రోజుకు గాని గమనించలేదు. మోటారు బాగయ్యాక చాలామంది తిరిగి తమ చెట్ల కిందికే వెళ్లిపోయారు. అందరూ వెళ్లలేదు. ఏడెనిమిదిమంది పిల్లలు, బిందెల వంతుల్లో జతపడినవారు, ఆ ఏడాది చివరిదాకా డ్రమ్ము పక్కనే తిన్నారు. ఇంతకు మించి గొప్పలు చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

చాలా కాలం తర్వాత, అమెరికాలోని ఓక్లహామా రాష్ట్రంలో 1954లో జరిగిన ఒక ప్రయోగం గురించి చదివినప్పుడు మా మోటారు గుర్తొచ్చి నవ్వుకున్నాను. చిన్నతనంలో తన స్వదేశం టర్కీలో గ్రీకులకూ టర్కులకూ మధ్య రక్తపాతాన్ని చూసిన ముజఫర్ షెరీఫ్ అనే శాస్త్రవేత్త, పదకొండు పన్నెండేళ్ల మగపిల్లలను 22 మందిని రాబర్స్ కేవ్ అనే చోట వేసవి శిబిరానికి తీసుకువెళ్లాడు. అందరూ ఒకే మతం, ఒకే రంగు, ఒకే స్థాయి కుటుంబాల వారు. రెండు జట్లుగా విడదీసి మొదటి వారం ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఉంచారు. తర్వాత ఎదురుబొదురుగా నిలబెట్టి, గెలిచినవారికి పతకాలు, చాకులు ఇస్తామని పోటీలు పెట్టారు. మన పల్నాటి కథే. ఒకరి జెండా ఒకరు తగలబెట్టారు, రాత్రిపూట ఎదుటివారి గదుల మీద పడ్డారు. గొడవ ముదిరాక, కలిసి కూర్చుంటే సర్దుకుంటారేమోనని ఇద్దరికీ ఒకేచోట భోజనాలు, ఒకేచోట సినిమాలు ఏర్పాటు చేశారు. సర్దుకోలేదు సరికదా, అన్నం ముద్దలు విసురుకున్నట్టుగా తిండి ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. సహపంక్తి ఒక్కటే సరిపోతుందనుకునేవారు ఈ చోట కాస్త ఆగి ఆలోచించాలి. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నవాణ్ణి.

పనిచేసింది వేరు. శిబిరానికి నీళ్లిచ్చే ట్యాంకు కుళాయిలోకి గోనెపీలిక కుక్కి, నీళ్లు రాకుండా చేశారు. రెండు జట్లూ కలిసి వెతికి, కలిసి బాగుచేస్తే గాని దాహం తీరదు. నీళ్లు వచ్చినప్పుడు, ఒక జట్టు దగ్గర నీళ్లసీసాలు లేవు కనుక వాళ్లకే దాహం ఎక్కువని, రెండో జట్టు వాళ్లు ముందు వాళ్లను తాగనిచ్చారు. తిండి తేవలసిన లారీ కదలకపోతే, అంతకుముందు ఒకరినొకరు లాగి పడేయడానికి ఆటలో వాడిన తాడునే దానికి కట్టి అందరూ కలిసి లాగారు. ఆఖరి రోజున రెండు జట్లూ ఒకే బస్సులో ఇంటికి వెళ్తామన్నాయి; దారిలో ఒక జట్టు తాను పోటీలో గెలుచుకున్న అయిదు డాలర్లతో అందరికీ పాలు, ఐస్‌క్రీము కలిపిన పానీయం కొనిచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ తాడు సంగతి తలచుకుంటే నాకు ముచ్చటగా ఉంటుంది. తాడు అదే, చేతులవే. అటు కొస పట్టుకున్నవాళ్లు ఇటు వచ్చారు.

ఇదే షెరీఫ్ అంతకు ముందు ఏడాది, 1953లో, న్యూయార్కు రాష్ట్రంలో ఇలాంటి శిబిరమే పెట్టి విఫలమయ్యాడన్నది చాలాకాలం పెద్దగా ఎవరూ చెప్పుకోని సంగతి. అక్కడ పిల్లలను విడదీయడానికి ముందు రెండు రోజులు అందరినీ కలిపి ఉంచారు. ఆ రెండు రోజుల్లో స్నేహాలు కుదిరాయి. తర్వాత జట్లు చేసి, వస్తువులు మాయం చేసి, పాడుచేసి, అది ఎదుటి జట్టు పనేనని నమ్మించాలని నిర్వాహకులు ఎంత తంటాలు పడినా పిల్లలు కొట్టుకోలేదు. ఇదంతా మీరే చేస్తున్నారని తిరిగి పెద్దల మీదే అనుమానపడ్డారు. ప్రయోగాన్ని మధ్యలో ఆపేశారు. శాస్త్రవేత్తకు అది ఓటమి కావచ్చు. బడి నడిపినవాడిగా నాకు మాత్రం 1954 కంటే 1953లోనే ఎక్కువ ఆశ కనిపిస్తుంది. విడదీయకముందు కలిపిన రెండు రోజులు, విడదీసిన తర్వాత పురిగొల్పిన వారాలకు లొంగలేదు.

ఈ నేపథ్యంలో ఒక పాలనాపరమైన విషయం ప్రస్తావిస్తాను. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ గురుకులాలను ఒకే ప్రాంగణంలోకి తెచ్చే ఉద్దేశంతో తెలంగాణ ప్రభుత్వం 2024లో యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ రెసిడెన్షియల్ స్కూళ్లకు శంకుస్థాపనలు చేసింది. వేరువేరు హాస్టళ్లు ఊరికే పుట్టలేదు. ఊళ్లో నీళ్ల దగ్గర, గుడి దగ్గర అవమానపడిన పిల్లలకు తలెత్తుకొని చదువుకునే చోటు అవే ఇచ్చాయి. నా శిష్యుల్లో బాగుపడినవారిలో సగంమంది ఆ హాస్టళ్ల అన్నం తిన్నవారే. ఆ భద్రతకు ముప్పు రాకుండా చూడాలన్న దళిత, గిరిజన సంఘాల మాటను తేలిగ్గా తీసుకోకూడదు. అయినా కలపాలన్న ఆలోచన మంచిదేనని నా మనవి. అయితే ఒకే గేటు, ఒకే భోజనశాల కట్టి, లోపల గదులు పాత లెక్కనే పంచితే రాబర్స్ కేవ్ భోజనశాలలో జరిగిందే జరుగుతుంది. గదులు చీటీల మీద పంచాలి. వంటగదిలో, తోటలో, నీళ్ల దగ్గర, మరుగుదొడ్లు కడిగే చోట వంతులు కలిపి వేయాలి. అన్నిటికంటే ముందు, పిల్లలు చేరిన మొదటి వారంలోనే ఇది జరగాలి. గుంపులు గట్టిపడ్డాక కాదు. ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్న బడి భోజనానికి, కులం అడగకుండా ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆ పేరు పెట్టుకున్న బడుల్లోనైనా చెట్టుకొక పేట కూర్చోకుండా చూడడం ఉపాధ్యాయుల చేతిలో పని. దీనికి జీవో అక్కరలేదు, ఒక డ్రమ్ము చాలు.

బడి వరకు సరే, దేశాలు అలా కలుస్తాయా అని మీ వ్యాసకర్త అడగవచ్చు. మా అమ్మమ్మ చెప్పిన సంగతి ఒకటి ఉంది. ఊళ్లో పెద్దమ్మవారు పోస్తే, అంటే మశూచి వస్తే, జాతర చేసి, బలులిచ్చి, అమ్మవారిని మేళతాళాలతో సాగనంపి రాత్రికి రాత్రి పొలిమేర దాటించి వచ్చేవారట. పొలిమేర దాటితే అది పక్క ఊరు. వాళ్లు మర్నాడు లేచి చూసుకొని, తమ పొలిమేర నుంచి ఆ పై ఊరికి సాగనంపేవారు. ఆ పని మీద ఊళ్ల మధ్య కర్రలు లేచిన సందర్భాలూ ఉన్నాయని ఆమె నవ్వుతూ చెప్పేది. ఆమె ముఖం మీద మాత్రం మచ్చలుండేవి. మన ఊరు బతికితే చాలనుకోవడం ఎంత సహజమో, ఎంత పనికిమాలినదో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఒక్క 20వ శతాబ్దంలోనే 30 కోట్ల మందిని మింగిందని అంచనా వేసిన ఆ మశూచిని ప్రపంచం నుంచే తొలగించాలని 1958లో ప్రపంచ ఆరోగ్యసభలో ప్రతిపాదించినవాడు సోవియట్ ప్రతినిధి విక్టర్ ఝ్దానోవ్. అణుబాంబులు గురిపెట్టుకొని అమెరికా, రష్యా ఎదురెదురుగా నిలబడి ఉన్న రోజులవి. 1967 నుంచి ఆ కార్యక్రమాన్ని ముమ్మరంగా నడిపించినవాడు డొనాల్డ్ హెండర్సన్ అనే అమెరికన్. సోవియట్ యూనియన్ వంద కోట్ల మోతాదులకు మించి టీకామందు దానంగా ఇచ్చింది. అమెరికాలో తయారైన రెండు మొనల సూది, మందును పొదుపుగా వేయడానికి పనికొచ్చింది. మన దేశంలో ఆరోగ్య కార్యకర్తలు ఊరూరా, ఇంటింటా తిరిగి, కేసు కనిపిస్తే దాని చుట్టూ ఉన్నవారందరికీ టీకా వేశారు. మశూచి రోగిని చూపిస్తే 1,000 రూపాయల బహుమానమని చివరి రోజుల్లో ప్రకటించారు. 1975తో మన దేశంలో, 1977తో సోమాలియాలో అది ఆగిపోయింది. 1980 మే 8న మశూచి లేదని ప్రపంచ ఆరోగ్యసభ ప్రకటించింది. నా జబ్బ మీద బడిలో వేసిన టీకా మచ్చ ఇప్పటికీ ఉంది. అది రష్యా మందో, ఇక్కడే తయారైన మందో వేసినాయనకే పట్టలేదు. చెయ్యి వాచి రెండు రోజులు జ్వరం వస్తే వేపాకు విసురుతూ కూర్చున్న మా అమ్మకు అడగాలని అసలు తోచలేదు.

అక్కడ ఎదుటి పక్షంలో మనిషి లేడు. చాప పరవడానికి గురజాల అవసరం లేకపోయింది. ఆ పదమూడేళ్ల అమ్మాయికి ఇప్పుడు జవాబు చెప్పమంటే ఇదే చెబుతాను. అయితే ప్రతిసారీ ఇలాగే జరుగుతుందని మాత్రం చెప్పలేను. 2021లో కరోనా టీకాలను సంపన్న దేశాలు తమ జనాభాకు మించి ముందే కొనిపెట్టుకున్నాయి. రెండో అల ఉధృతిలో మన దేశమూ ఎగుమతులు నిలిపేసింది. శ్మశానాల్లో చోటు లేని రోజుల్లో ఏ ప్రభుత్వమైనా అదే చేస్తుందేమో, తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఒకచోట అణగిన వైరస్ ఇంకోచోట రూపం మార్చుకొని తిరిగి రావడం అందరం చూశాం. అమ్మవారిని పొలిమేర దాటించిన ఊళ్లకు జరిగింది కూడా అదే.

చివరగా ఒక కోరిక. ఈ కార్తికంలో కారెంపూడి ఉత్సవాలకు జిల్లాలోని ఉన్నత పాఠశాలల పిల్లలను, మండలానికి కొందరు చొప్పున, తీసుకువెళ్లే ఏర్పాటు చేయవలసిందిగా ఉత్సవ నిర్వాహకులనూ, విద్యాశాఖ వారినీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. పిల్లలను నేరుగా చాప మీద కూర్చోబెట్టి, అన్నం పెట్టి, ఫొటో తీసి పంపించవద్దు. పొద్దున్నే తీసుకువెళ్లి, వేరువేరు ఊళ్ల, పేటల పిల్లలను కలిపి వంతులు వేసి, కూరలు తరగడం, నీళ్లు పట్టడం, చాపలు పరవడం, వడ్డన వాళ్ల చేతనే చేయించాలి. భోజనాలయ్యాక ఎంగిలి విస్తళ్లు ఎత్తే పని ఎవరిదన్న దగ్గరే మన ఊళ్లలో అసలు గీత బయటపడుతుంది కనుక, ఆ వంతు మాత్రం చీటీలు వేసి తేల్చాలి. పెద్దల పేర్లు కూడా డబ్బాలో వేయాలి. నా పేరు వేయడానికి నాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
పల్నాడు జిల్లా